ఇచ్చట అందరూ అమ్మబడుదురు

పుట్టగానే బిడ్డ ఎందుకు ఏడుస్తుంది? ఊపిరితిత్తుల్లోకి మొదటిసారి గాలి చొరబడుతుంది కాబట్టి అంటారు డాక్టర్లు. పాపం, వాళ్లకేం తెలుసు! ఆ ఏడుపు బిడ్డ జీవితంలో చేసిన మొదటి సేల్స్ పిచ్. తల్లి మొదటి కస్టమర్. పాలు మొదటి పేమెంట్. వైద్యశాస్త్రానికి అందని ఈ రహస్యాన్ని మన సేల్స్ ట్రైనర్లు ఎప్పుడో కనిపెట్టేశారు. తెలుగునాట కాస్త పెద్ద ఊళ్లో ఏ హోటల్ ఫంక్షన్ హాల్లోకైనా ఆదివారం పొద్దున తొంగిచూడండి. చెవికి మైకు తగిలించుకున్న యువకుడొకడు స్టేజీ ఆ చివరి నుంచి ఈ చివరికి పులిలా తిరుగుతూ అరుస్తుంటాడు. “పెళ్లిచూపులంటే ఏంటి? సేల్స్! ఇంటర్వ్యూ అంటే? సేల్స్! పిల్లాడితో కాకరకాయ తినిపించడం? సేల్స్!” ముందు వరసలో వాళ్లు కాకరకాయ దగ్గర అండర్‌లైన్ చేసుకుంటుంటారు.

గుడిలో కొబ్బరికాయ కొట్టడం కూడా సేల్సేనట. అయితే అక్కడ దేవుడు కస్టమరా, సప్లయరా అన్నది అడ్వాన్స్‌డ్ కోర్సులో చెబుతారు. దాని ఫీజు వేరు.

లోకంలో ప్రతి పనీ అమ్మకమే అయినప్పుడు, అమ్మకం నేర్పడానికి విడిగా ఓ కోర్సు ఎందుకో నాకు అర్థం కాదు. ఊపిరి పీల్చుకోవడం నేర్పుతామని డబ్బు అడిగేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్నను ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఈ మతంలో చేరాలంటే ఓ ఉపనయనం ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీద దొర్లించి, “ఈ పెన్ను నాకు అమ్ము” అంటాడు. అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికొచ్చిన బీకాం కుర్రాడికీ అదే ప్రశ్న, ల్యాబ్ టెక్నీషియన్‌కీ అదే ప్రశ్న. రక్తం తీయడానికి సిరంజి పట్టుకోవాల్సిన అమ్మాయి పెన్ను పట్టుకుని తడబడుతుంటే, పెద్దాయన ఆమె రెజ్యూమే మీద ‘నో కాన్ఫిడెన్స్’ అని రాసుకుంటాడు, అదే పెన్నుతో.

ప్రశ్న పాతదే. ఊరూరా పాకింది మాత్రం 2013లో మార్టిన్ స్కోర్సెసీ తీసిన ‘ది వోల్ఫ్ ఆఫ్ వాల్‌స్ట్రీట్’ తర్వాతే. ఆ సినిమా ఎవరి కథో ఆ జోర్డాన్ బెల్‌ఫోర్ట్ కొరగాని షేర్లను ఫోన్ల మీద జనానికి అంటగట్టాడు, దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, 22 నెలలు అమెరికా జైల్లో ఉన్నాడు. మోసపోయినవాళ్లకు సుమారు 11 కోట్ల డాలర్లు తిరిగి కట్టమంది కోర్టు. బయటికొచ్చాక ఏ వృత్తిలో కుదురుకున్నాడనుకున్నారు? సేల్స్ ట్రైనింగ్! చేయి నరికి జైలుకెళ్లొచ్చిన సర్జన్ దగ్గర సర్జరీ నేర్చుకోవడానికి ఎవరూ వెళ్లరు. ఈ ఒక్క విద్యలోనే జైలుశిక్ష అదనపు క్వాలిఫికేషన్.

మా వీధి చివర స్టేషనరీ కొట్టాయన దశాబ్దాలుగా పెన్నులే అమ్ముతున్నాడు. “బ్లూనా, బ్లాకా?” అని అడిగి, గీసి చూసుకోమని ఓ చిత్తుకాగితం ముందుకు తోస్తాడు. ఆ గీతలో ఇంకు సరిగా రాకపోతే ఆయనే ఆ పెన్ను పక్కన పడేసి ఇంకోటి తీస్తాడు. పై ఇంటర్వ్యూలో ఆయన ఫస్ట్ రౌండులోనే ఫెయిలు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. నాకు అమ్మేవాళ్ల మీద కోపం లేదు. సరుకు అమ్మడం గౌరవమైన పని, కష్టమైన పని కూడా. బట్టల షాపులో కౌంటర్ వెనక అమ్మాయిని చూడండి. యాభై చీరలు విప్పి పరచి, “ఇంకా లైట్ కలర్ ఉందా?” అంటే చిరునవ్వు చెదరకుండా యాభై ఒకటోది విప్పుతుంది. కొనకుండా లేచిపోతే మళ్లీ అన్నీ మడత పెట్టుకుంటుంది. అమ్మే నేర్పు మనిషిని అందలం ఎక్కించేదే అయితే ఆమె ఈపాటికి ఆ షాపు ఓనరై ఉండాలి. ఓనరవడం మాట అటుంచండి, అలాంటివాళ్లు పనివేళల్లో కూర్చోవడానికి స్టూలు వేయించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు తేవాల్సి వచ్చింది. మందుల కంపెనీ బ్యాగు భుజాన వేసుకుని డాక్టర్ల గుమ్మాల్లో పడిగాపులు కాసే మెడికల్ రెప్పులకైతే 1976లోనే ఓ కేంద్ర చట్టం తెచ్చారు: సెలవులు, పని షరతులు, వగైరా. నిజంగా అమ్మకం మీద బతికేవాళ్లు ఎప్పుడు దాన్ని దించి పక్కన పెట్టి ఇంటికెళ్దామా అని చూస్తారు. ఇంటికెళ్లాక కూడా పెళ్లాంబిడ్డల మీద అమ్మకం కొనసాగించమనేది, పొద్దుట్నుంచి ఒక్క చీర కూడా మడత పెట్టని ట్రైనర్.

పోనీ ఈ విద్య మనకేమైనా కొత్తా? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గురజాడ మనకు గిరీశాన్ని ఇచ్చి వెళ్లాడు. ఒకే సరుకు, అంటే తనే. లేబుళ్లు మాత్రం కొనేవాణ్ణి బట్టి. వెంకటేశానికి గురువుగారు, అగ్నిహోత్రావధాన్లకు దావా కాగితాల అవసరం తీర్చే ఇంగ్లీషు పండితుడు, బుచ్చమ్మకు సంఘసంస్కర్త. పూటకూళ్లమ్మకు ఏమిటన్నది సభ్యసమాజంలో వివరంగా చెప్పను గానీ, బాకీ మాత్రం ఉంది. కస్టమర్‌ని బట్టి పిచ్ మార్చాలనీ, ‘కాదు’ అన్న మాటను చెవిన పెట్టకూడదనీ ఇప్పుడు స్లైడ్లేసి చెప్పే సూత్రాలన్నీ చుట్ట వెలిగించుకుంటూ ఆచరించి చూపినవాడు. తేడా అల్లా ప్రేక్షకుల్లో వచ్చింది. అప్పటివాళ్లు అతన్ని చూసి నవ్వారు. ఇప్పటివాళ్లు నోట్సు రాసుకుంటున్నారు.

నవ్వు ఆగిపోయే చోటు ఒకటుంది. అది ఇంటర్మీడియట్ అడ్మిషన్ల సీజన్.

పదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి సంక్రాంతి అల్లుడి కంటే ముందు వచ్చేది కాలేజీవాళ్ల ఫోను. నంబరెలా దొరికిందని అడిగితే, “మీ శ్రేయోభిలాషులే ఇచ్చారండీ” అంటారు. షెడ్యూలు ప్రకటించకుండా అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది. అది పేపర్లో ఎక్కడో ఓ మూల వస్తుంది. అదే పేపర్లో మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, కింద ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’. ఫోను తర్వాత మనిషి వస్తాడు. పీఆర్వో వస్తే పర్వాలేదు, అది ఆయన ఉద్యోగం. కానీ ఎండలో బండి ఆపి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ గేటు తీసేది ఒక్కోసారి ఫిజిక్స్ లెక్చరర్. ఏళ్ల తరబడి పిల్లలకు భ్రమణచలనం చెప్పిన మనిషి. వేసవి సెలవుల్లోపు ఇన్ని అడ్మిషన్లు తేవాలని ఆయనకో టార్గెట్. రాకపోతే జీతం సంగతి తర్వాత చూద్దామంటారని ఆ వృత్తిలో ఉన్నవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

“నమస్కారమండీ. పాప పదో తరగతి కదండీ? ఎంపీసీయా, బైపీసీయా?”

“ఇంకా ఏమీ అనుకోలేదు మాస్టారూ. ముందు పరీక్షలు రాయనివ్వండి.”

“ఇవాళ సీటు బ్లాక్ చేసుకుంటే ఫీజులో కన్సెషన్ ఉందండీ. రేపటికి ఉండదు.”

“రేపెందుకుండదండీ?”

మాస్టారి దగ్గర జవాబు లేదు. క్లాసులో ఏ పిల్లాడైనా లేచి ‘ఎందుకు సార్?’ అంటే బోర్డు నిండిపోయేదాకా చెప్పే మనిషి, ఆ చిన్న ‘ఎందుకు’ ముందు తల దించుకుని, “మేనేజ్‌మెంట్ నిర్ణయమండీ” అంటాడు. ఆయనకు అమ్మడం రాదని యాజమాన్యానికీ తెలుసు. అయినా ఎందుకు పంపుతారంటే, గేటు బయట నిలబడ్డది మాస్టారైతే మనం మంచినీళ్లిచ్చి కూర్చోబెడతాం. పీఆర్వో మొహం మీద వేసే తలుపు ఆయన మీద వేయలేం. ఆ కాలేజీ ఏసీ గదుల గురించీ స్టార్ బ్యాచ్ గురించీ ఆయన చెప్పిందేదీ మన తలకెక్కదు. మాస్టారు ఇంతదూరం వచ్చి అడిగారు కదా అని అడ్వాన్సు కట్టేస్తాం.

సేల్స్ స్కిల్ అన్ని వృత్తులకూ అవసరమనే సిద్ధాంతం గుట్టంతా ఇక్కడుంది. మాస్టారు, డాక్టరు, బ్యాంకు మేనేజరు, చిన్నాన్న కొడుకు: వీళ్లెవరూ మనకేమీ అమ్మరని మనకో నమ్మకం. వాళ్లు ఏళ్ల తరబడి ఏమీ అమ్మకుండా ఉండబట్టే ఆ నమ్మకం పేరుకుంది. సేల్స్ గురువులు ఇప్పుడు ఆ నిల్వ మీద కన్నేశారు. మార్కెట్లో కొత్తగా నమ్మకం పుట్టించడం ఖర్చుతో కూడిన పని. ఇంకొకరు కూడబెట్టింది తీసి వాడుకుంటే పోలా!

కోచింగ్ ప్రకటనల సంగతీ అంతే. టీవీలో ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు’ అంటూ వల్లించే గొంతు మీకు నిద్రలో కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఒకే పిల్లాడు మూడు సంస్థల ప్రకటనల్లో మూడు రంగుల టైలతో నవ్వుతుంటాడు. పిల్లాడు చదివాడు, ర్యాంకు వచ్చింది, ఆ తర్వాత మొదలైంది వాడి అమ్మకం. ర్యాంకరు ఫొటో వాడాలంటే ఫలితాల తర్వాత ఆ విద్యార్థి రాతపూర్వక అంగీకారం ఉండాలనీ, వాడు తీసుకున్నది ఏ కోర్సో చెప్పాలనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. పిల్లల్ని అడగకుండా అమ్మొద్దని సర్కారు కాగితం మీద రాసి చెప్పాల్సి వచ్చిందంటే, ఈ విద్యలో మనం ఎంత ఎదిగామో చూసుకుని గర్వపడొచ్చు.

ఇక రెండో చోటు బ్యాంకు. రిటైరైన టీచరమ్మ ఎఫ్‌డీ రెన్యూవల్ కోసం వెళుతుంది. ఎప్పుడూ కౌంటర్ దగ్గరే పని ముగించి పంపేవాళ్లు, ఆ రోజు “రండమ్మా, లోపల కూర్చోండి” అంటారు. టీ కూడా వస్తుంది. బ్యాంకులో టీ వచ్చిందంటే లేచి పరిగెత్తాలని మా పెద్దలు సామెత చేయకపోవడం పెద్ద లోపం. “ఎఫ్‌డీలో ఏముందమ్మా, ఇది ఐదేళ్లు కడితే చాలు” అంటాడు మేనేజరు. ఆయన నోటితో ‘ఇన్సూరెన్స్’ అన్న మాట రాదు. డెబ్బై ఏళ్ల మనిషి జీవితబీమా దేనికని ఆమె అడగదు, ఎందుకంటే అది బీమా అని ఆమెకు తెలిసేది రెండో ఏడు ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చినప్పుడు. మొదట కట్టింది వెనక్కి ఇమ్మంటే నిబంధనలు చదివి వినిపిస్తారు. అంతకుముందు చదవని నిబంధనలు అప్పుడు ఎంత స్పష్టంగా చదువుతారో!

బీమా, పెట్టుబడి కలగలిపిన యూలిప్పుల జమానాలో ఈ కళ పరాకాష్ఠకు చేరింది. ఆ పథకాల్లో చార్జీలకు పరిమితి పెట్టి, లాకిన్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచడానికి బీమా నియంత్రణ సంస్థకు 2010 సెప్టెంబరు దాకా పట్టింది. ఇప్పుడైతే పాలసీ చేతికొచ్చాక వద్దనుకుంటే తిప్పి పంపడానికి ముప్పై రోజుల గడువుంది. ఇంతకుముందు మామూలుగా పదిహేనే ఉండేది. 2024లో పెంచారు. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే. ఇంత చేరువలో ఉన్నా టీచరమ్మకు మాత్రం టీ ఇచ్చిన బ్యాంకే దగ్గరనిపిస్తుంది. మాయమాటలతో బీమా అంటగట్టొద్దని 2024 నవంబరులో ముంబైలో బ్యాంకర్ల సభలోనే కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ హితవు చెప్పారు. ఇటు మేనేజర్లనడిగితే పైనుంచి టార్గెట్ అంటారు. పైవాళ్లనడిగితే ఇంకా పైనుంచి అంటారు. ఆ నిచ్చెన చివర ఎవరున్నారో నాకెప్పుడూ కనపడలేదు. బహుశా మైకు పెట్టుకున్న మన యువకుడే కూర్చుని ఉంటాడు.

మూడో చోటు ఇంకా లోపల ఉంటుంది, మన ఇంట్లోనే. ఫలానా గొలుసు వ్యాపారంలో చేరినవాడికి మొదటి రోజు ఇచ్చే హోంవర్కు ఏమిటో విన్నారా? నీకు తెలిసిన వందమంది పేర్లు రాయి. బడిలో నీ పక్కన కూర్చున్నవాడు, పెళ్లిలో పలకరించినవాడు, పాలబ్బాయి, తోడల్లుడు. నిన్నటిదాకా వాళ్లు మనుషులు. జాబితాలోకి ఎక్కాక ప్రాస్పెక్టులు. మూడేళ్లుగా ఫోన్ చేయని బావమరిది ఓ సాయంత్రం, “బావా, ఆరోగ్యం ఎలా ఉంది? నిద్ర బాగా పడుతోందా?” అని అడిగితే మన కళ్లు చెమర్చబోతాయి. తర్వాతి వాక్యంలో మాత్రల డబ్బా బయటికొస్తుంది. మనుషుల్ని చేర్చితేనే డబ్బొచ్చే పథకాలను నిషేధించే చట్టం 1978 నుంచి ఉంది. నేరుగా అమ్మే వ్యాపారాల ముసుగులో పిరమిడ్లు కట్టొద్దని 2021లో మళ్లీ నిబంధనలొచ్చాయి. బావమరిది దగ్గర రెండింటికీ జవాబు ఉంది: “మనది అలాంటిది కాదు బావా.”

ఈ జాబితా ఎక్కడిదాకా పోతుందో అగ్రిగోల్డ్ చూపించింది. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ కొన్ని రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా డిపాజిట్లు పోగేసింది. కట్టినవాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఆఫీసు మొహం చూసినవాళ్లు కారు. వాళ్లు చూసింది ఏజెంటుని. ఏజెంటంటే సూటేసుకున్న పరాయివాడు కాదు. వీధిలో టైలరు, అక్క కొడుకు, డ్వాక్రా సంఘంలో చదువొచ్చిన అమ్మాయి. వాళ్లు మొదట తమ డబ్బు కట్టారు, తర్వాత నమ్మినవాళ్ల చేత కట్టించారు. మీటింగుల్లో చప్పట్లు కొట్టి మెడల్లో దండలేసి వాళ్లకు నేర్పినవన్నీ ఇవే పాఠాలు: నమ్మకంగా మాట్లాడు, కళ్లలోకి చూడు, సందేహానికి చోటివ్వకు. 2014, 15ల నాటికి సంస్థ కుప్పకూలితే జనం తలుపు తట్టింది ఏజెంటు ఇంటికే, ఊరు మారలేదు కాబట్టి. వాళ్లలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పదివేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో, ఇరవై వేల లోపు వాళ్లకు 2021లో కొంత తిరిగిచ్చింది. ఎదురు పడితే మొహం తిప్పుకుని వెళ్లే బంధువులను తిరిగిచ్చే పద్దు ఏ బడ్జెట్‌లోనూ ఉండదు. ఆ చప్పట్ల మీటింగుల్లో మైకు పట్టుకున్నవాళ్లు ఏమయ్యారో తెలీదు. వేరే హాల్లో వేరే స్లైడ్లతో ఉంటారని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఈ సిద్ధాంతానికి ఇంకో ఉపయోగం ఉంది. నష్టపోయినవాడి తప్పు నష్టపోయినవాడి మీదికే నెట్టేయవచ్చు. హైటెక్ సిటీలో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి బాగుచేసిన కుర్రాడికి ప్రమోషన్ రాదు, పొద్దున ఆ సంగతిని రంగురంగుల స్లైడ్లలో చెప్పినవాడికి వస్తుంది. మేనేజరుకు కళ్లు లేవా అని అడగం. “నీ పని నువ్వు అమ్ముకోలేకపోయావోయ్” అంటాం, పైగా జాలిగా.

రైతుక్కూడా ఇదే మందు రాసిస్తున్నారు. పండించడం వచ్చుగానీ అమ్ముకోవడం రాదట! అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని సామెత కట్టుకున్న జాతికి సేల్స్ గురించి ఒకరు చెప్పాలా? మదనపల్లె మార్కెట్లో కిలో రెండు రూపాయలు కూడా పలకని రోజుల్లో రైతులు టమాటా రోడ్డు మీద పారబోసి పోయారు. 2023 జులైలో అదే మార్కెట్లో కిలో నూరు దాటింది. మధ్యలో రైతులందరూ వెళ్లి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు చేసి రాలేదు. తోటల్లో కాయ లేదు, అంతే.

కాబట్టి ట్రైనర్లకు నాదో ఆహ్వానం. వచ్చే సీజన్లో ఏదైనా ధాన్యం కొనుగోలు కేంద్రానికి రండి. వడ్లు ఆరబోసి, కుప్ప పక్కనే టార్పాలిన్ కప్పుకుని వారంగా పడుకున్న రైతు తరఫున మీరు మాట్లాడండి. తేమ 17 శాతం దాటకూడదంటారు, మిషన్‌లో 19 చూపిస్తుంది. మిషన్ కళ్లలోకి సూటిగా చూడండి. చిరునవ్వు నవ్వండి. కాన్ఫిడెన్సుగా షేక్‌హ్యాండివ్వండి. అది లొంగితే తర్వాత మిల్లు దగ్గర లారీ ఆగుతుంది, తాలు ఎక్కువుందని బస్తాకి ఇంత తరుగు తీస్తానంటారు. అక్కడ మీ అడ్వాన్స్‌డ్ కోర్సు వాడండి. మీ ఫీజు ఎంతైనా సరే, రైతు కడతాడు. ధాన్యం డబ్బు అకౌంట్లో పడ్డ రోజున.